జోగులమ్మ ఇంట్లో ఎండాకాలం

వనపర్తి నుంచి ఖిల్లా ఘణపూర్ వైపు పోయే బస్సు ఎర్రగట్టుపల్లి మలుపు తిరిగేటప్పుడు, ఎడమ కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు చిన్న కుంట ఒకటి కనిపిస్తుంది. కుంట నడుమ నీళ్లలోంచి పైకి లేచి ఒక మట్టి దిబ్బ నిలబడి ఉంటుంది. చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు ఎవరిదో సమాధి అనుకుంటారు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అది నాగులపుట్ట అనీ, మొక్కితే పిల్లలు పుడతారనీ ఎంతో నమ్మకంగా చెప్పాడు. అంత నమ్మకంగా చెప్పిన మాటను నమ్మబుద్ధి కాక బస్సు దిగిపోయాను. దిగి అడిగితే అది సమాధీ కాదు, పుట్టా కాదు.

మట్టి పని చేసేవాళ్లకు దాని సంగతి తెలుసు. నేల తవ్వేటప్పుడు అక్కడక్కడ కాస్త చోటు తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ లోతు పోతున్న కొద్దీ ఆ చోటు స్తంభంలా పొడుగవుతుంది. మునుపు నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పడానికి అదే సాక్షి, అందుకే సాక్షి దిబ్బ. కొలిచే సారు వచ్చి టేపు పెట్టి చూసుకున్నాక దాన్నీ కొట్టేసి, ఆ మట్టినీ ఎత్తిపోస్తారు. దేశంలో ఎన్ని చెరువులు, ఎన్ని కాలువలు తవ్వారో అన్ని చోట్లా ఇలాంటి దిబ్బలు నిలబడ్డాయి, కూలిపోయాయి.

ఎర్రగట్టుపల్లి దిబ్బను మాత్రం ఎవరూ కొట్టలేదు. కొట్టనివ్వనిది జోగులమ్మ.

ఆమె పుట్టిల్లు ధరూర్ వైపు, కృష్ణ ఒడ్డున. అక్కడి మాటలో కన్నడం కలిసి ఉంటుంది. వద్దు అనాల్సిన చోట ఆమె ఇప్పటికీ "బ్యాడ" అంటుంది. అత్తగారి ఊళ్లో మొదట్లో నవ్వారట, తర్వాత సగం ఊరికి అదే అలవాటైంది. పెళ్లయి ఎర్రగట్టుపల్లికి వచ్చిన ఏడే భర్త జంగయ్యతో కలిసి గుంపులో పోయింది.

గుంపు అంటే పాలమూరువాళ్లకు వివరించాల్సిన పని లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. ఊరికి ఒక మేస్త్రి ఉంటాడు. పంట పనులు అయిపోయాక ఆలుమగల జంటలను ఏరి, అడ్వాన్సు ఇచ్చి, లారీ ఎక్కించి, ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వుతుంటే అక్కడికి తీసుకుపోతాడు. మళ్లీ తొలకరికి తెచ్చి దింపుతాడు. మగవాడు తవ్వుతాడు, ఆడది తట్ట మోస్తుంది. మేస్త్రి లెక్కలో ఇద్దరూ కలిసి ఒక్క పేరు, అది మగవాడి పేరు. ఆనకట్టల దగ్గర నాటిన చలువరాతి పలకలు చదవడం నాకు పాత అలవాటు. శంకుస్థాపన చేసినవారి పేరు, ప్రారంభించినవారి పేరు, అప్పటి ఇంజనీర్ల పేర్లు అన్నీ ఉంటాయి. పాలమూరు అన్న మాట ఒక్క పలక మీదా చూడలేదు. కాలువ గట్ల మీద నడుస్తుంటే పక్కన నల్లగా మాడిన మూడు రాళ్ల పొయ్యిలు కనిపించేవి. మనవాళ్లు ఇక్కడ ఉండిపోయారన్నమాట అనుకుని ముందుకు నడిచేవాణ్ని.

జోగులమ్మకు రాష్ట్రాల పేర్లు పట్టవు. నల్లరేగడి దేశం, ఉప్పునీళ్ల దేశం, జొన్నరొట్టె దొరకని దేశం అంటుంది. పెద్ద కూతురు ఉప్పునీళ్ల దేశంలో కాలువ గట్టు మీద పుట్టింది. చిన్నది కావ్య రొట్టె దొరకని దేశంలో పుట్టింది. "దానికే తిండి మీద మస్తు యావ" అని నవ్వుతుంది.

అన్ని దేశాలూ తిరిగి ఆలుమగలు ఊళ్లో ఒక మిద్దె కట్టుకున్నారు. రాతి గోడలు, వేప దూలాలు, పైన మట్టి కప్పు, వెలుతురు కోసం చిన్న గవాచి. ఆ మిద్దె కథ విచిత్రమైనది. దీపావళి దాటగానే దానికి తాళం పడేది. గడపకు అడ్డంగా సర్కారు తుమ్మ కంప పెట్టి, కుక్కలూ మేకలూ రాకుండా దాని మీద రాయి ఎత్తి పోయేవాళ్లు. తొలకరికి వచ్చి కంప లాగేసరికి మట్టి కప్పు మీద గడ్డి మొలిచేది. వానాకాలం చేను పనుల్లోనే గడిచిపోయేది. మళ్లీ దీపావళి, మళ్లీ కంప.

"నా ఇంట్ల ఎండకాలం ఎట్లుంటదో నాకే తెల్వకుండె సారూ" అని చెప్పింది నాతో. "గాలి ఎటుకెల్లి కొడ్తదో, పొద్దెక్కినంక నీడ ఏ దిక్కు పడ్తదో, గింత ఎరుక లేదు. ఇల్లు మేం కట్టుకున్నం. ఉన్నది తాళమే."

ఆ మాట ఆమెను లోపల ఎంతకాలం తొలిచిందో నేను చెప్పలేను. చెప్పగలిగింది ఒకటే. ఉపాధి హామీ చట్టం వచ్చి, జిల్లాలో మొదటి విడతలోనే పనులు మొదలై, ఊరూరా జాబ్ కార్డులు పంచిన తర్వాతి దీపావళికి, జోగులమ్మ ఒకే ఒక్క కోరిక పెట్టుకుంది. ఈ ఎండాకాలం నా ఇంట్లో ఉండాలి.

ఈ పథకానికి ప్రభుత్వం పెట్టిన పేరు చాలా పొడుగు. పల్లెల్లో ఎవరూ ఆ పేరు పిలవరు, కరువు పని అంటారు. ఆ మాట పాతది. వెనకటి కరువుల్లో గంజి పోసి, గింజలు కొలిచి రోడ్లు వేయించిన రోజుల నుంచి మిగిలిపోయింది. తాతలనాటి భయం మాటలో అలా ఉండిపోతుంది. పని మాత్రం వేరు. ఆ పాత పనులు ఎవరో దయతలచి పెట్టినవి. ఇది అడిగినవాళ్లకు ఇచ్చి తీరాల్సినది. ఈ తేడా ఎర్రగట్టుపల్లికి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది, అసలు కథ అక్కడే ఉంది.

దీపావళి వెళ్లిన వారానికి గుంపు మేస్త్రి బుచ్చన్న వచ్చి జోగులమ్మ అరుగు మీద కూర్చున్నాడు. బుచ్చన్న చెడ్డవాడు కాదు. జబ్బు చేస్తే దవాఖానకు తీసుకుపోయేవాడు, పరాయి దేశంలో చచ్చిపోతే శవాన్ని ఊరికి చేర్చేవాడు. వరసకు మామ అవుతాడు.

"ఏం కోడలా, మూట కట్టినవా?"

"ఈసారి బ్యాడ మామా."

"బ్యాడనా? గా కరువు పనిని నమ్ముకున్నవా ఏంది? సర్కారోళ్లు వస్తరు, మీ చేతుల పారలు పెట్టి ఫోటో తీస్తరు, పోతరు. ఫోటో కడుపు నింపుతదా?"

"ఫోటో మంచిగొస్తె నీకు గూడ ఒకటిస్త మామా. లారీల కట్టుకో."

అరుగు కింద కూర్చున్నవాళ్లు నవ్వారు. జంగయ్య నవ్వలేదు. మేస్త్రిని కాదనుకోవడం అంటే ఏమిటో అతనికి తెలుసు. బుచ్చన్న లేచి కండువా దులుపుకుని చెప్పాడు.

"మంచిది. ఉగాది ముందర ఇంకో లారీ తీస్త. అప్పటికి మీ ముచ్చట తీరుతది. గా లారీ గూడ ఎక్కకపోతె మీ జాగల వేరే జంటను పెట్టుకుంట. మల్ల నా ఇంటి ముందల నిలబడొద్దు."

ఆమెతో పాటు మరికొన్ని జంటలు ఆగిపోయాయి. అందులో షాహెదా, ఆమె భర్త ఉన్నారు. షాహెదా, జోగులమ్మ మొదటి గుంపు నుంచీ ఒకే వరసలో తట్టలు మోసినవాళ్లు. పండుగకు ఒకరింటి సేమియా, ఇంకొకరింటి బూరెలు గోడ దాటేవి. "నువ్వు ఉంటె నేనుంట జోగులూ. అక్కడ నీ అంత గట్టిగ తిట్టేటోళ్లు దొరకరు నాకు" అందట షాహెదా.

చేన్ల పనులు అయిపోయాక ఊరి కుంటలో పూడిక తీసి లోతు చేసే పని మంజూరైంది. కుంట ఊరికి కూతవేటు దూరం. దిగువ బావులన్నీ దాని మీదే బతకాలి, అది ఎప్పుడో పూడిపోయి మేకలు మేసే బీడైంది. ఊళ్లో పని చూసుకోవడానికి ఫీల్డ్ అసిస్టెంటుగా పెట్టిన అమ్మాయి జయశ్రీ. ఆ ఊరి ఆడబిడ్డే, ఇంటర్ చదివింది. మొదటి రోజు పొద్దున్నే రిజిస్టరు చంకలో పెట్టుకుని కుంట దగ్గరికి వచ్చి, కట్ట మీదే నిలబడిపోయింది.

కట్ట వెంట వరసగా గుడిసెలు లేస్తున్నాయి. వెదురు కర్రలు పాతి, పాత టార్పాలిన్ తాటిపత్రులు కప్పి, తాళ్లు బిగిస్తున్నారు. బొంతలు, చాపలు, కుండలు, పిండి డబ్బాలు, మేకపిల్ల, రెండు కోళ్లు. షాహెదా అప్పటికే మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది.

"గిదేంది అక్కా?" అంది జయశ్రీ. "గుడిసెలెందుకు ఏస్తుండ్రు?"

"పనికొచ్చినం గద" అంది జోగులమ్మ, తాడు ముడి వేస్తూ.

"పనికొస్తె?"

"పనికొస్తె ఉండొద్దా?"

జయశ్రీ ఊరి వైపు చేయి చూపింది. చెట్ల సందున జోగులమ్మ మిద్దె కనిపిస్తూనే ఉంది. మిద్దెకు తాళం, గడపకు కంప. పొద్దున ఆమె తన చేతులతో పెట్టి వచ్చిన కంప.

ఎవరూ కావాలని చేసింది కాదు. మట్టి పని అంటే ఇల్లు వదలడం అని వాళ్ల ఒంటికి అలవాటైపోయింది. పొద్దున లేచి మూట కట్టారు, తాళం వేశారు, కంప పెట్టారు, కూతవేటు దూరం నడిచి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఇంత పనిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మొదట షాహెదా నవ్వింది. తర్వాత కుంట కుంటంతా నవ్వింది. జంగయ్య మేకపిల్ల తాడు పట్టుకుని, "దీన్ని ఎందుకు తెచ్చిననో నాకే తెల్వదు" అని కూలబడి నవ్వాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలేటప్పుడు పారలు కడుక్కుని ఇళ్లకు నడిచారు. మట్టి పని చేసి ఇంటికి పోవడం అనేది వాళ్ల బతుకులో అదే మొదలు. జోగులమ్మ కంప లాగి, తాళం తీసి, దీపం పెట్టింది. ఒళ్లంతా మట్టితో తన గడప మీద కూర్చుంది. కూర్చోవడం కూడా కొత్తగా ఉందని చెప్పింది.

అక్కడి నుంచి పని నడిచిన తీరు చూసి తీరాల్సింది అంటారు జయశ్రీ. (ఇప్పుడామె గౌరవం ఇచ్చి మాట్లాడాల్సిన మనిషి, పక్క మండలంలో పెద్ద పని చేస్తున్నారు.) తెల్లారకముందే దిగేవాళ్లు. మగవాళ్లు వరసగా నిలబడి గడ్డపార దింపితే నేల పెళ్లలు పెళ్లలుగా లేచేది. ఆడవాళ్లు తట్టలు అందుకుని కట్ట ఎక్కి దిగే తీరులో ఒక లయ ఉండేది. ఎవరూ ఎవరికీ అడ్డం వచ్చేవారు కాదు.

"జర నిమ్మలంగ అక్కా" అని జయశ్రీ ఒకటి రెండుసార్లు చెప్పి చూసింది.

"నిమ్మలంగ తవ్వుడు మాకు నేర్పలే బిడ్డా" అంది జోగులమ్మ. "నువ్వు నేర్పుతె నేర్సుకుంటం."

కుంట లోతైంది. నడుమ సాక్షి దిబ్బలు మనిషి ఎత్తుకు లేచాయి. కొలిచే సారు శ్రవణ్ కుమార్ మోటారు సైకిల్ మీద వచ్చి, దిబ్బల మీద టేపు పెట్టి కొలుచుకుని, పని బాగా చేశారని మెచ్చుకున్నాడు. గుంపు సంతోషంగా దిబ్బలు కొట్టడం మొదలుపెట్టింది. చివరి దిబ్బ మీద జంగయ్య గడ్డపార ఎత్తబోతుంటే సారు అన్నాడు.

"మంజూరైన మట్టంతా అయిపోయింది. ఇంకా చాలా రోజులు నడవాల్సిన పని. ఇంత తొందరగా అవుతుందని నేను అనుకోలేదు."

ఎత్తిన గడ్డపార అలాగే ఆగిపోయింది. బయటి దేశాల్లో తొందరగా తవ్వితే మేస్త్రి మెచ్చుకునేవాడు, గుంపు ఇంకో కాలువకు పోయేది. ఇక్కడ తొందరగా తవ్వినందుకు పని అయిపోయింది. ఎండాకాలం ఇంకా ముందరే ఉంది. జంగయ్య గడ్డపార భుజాన వేసుకుని ఇంటికి పోయాడు. ఒక్క దిబ్బ అలా మిగిలిపోయింది.

తర్వాత వాళ్లు ఎదురుచూశారు. పిలుస్తారని ఎదురుచూశారు. రోజూ పొద్దున అరుగుల మీద కూర్చుని జయశ్రీ వస్తుందేమోనని వీధి వైపు చూసేవాళ్లు. జయశ్రీ రాలేదు. వచ్చింది బుచ్చన్న లారీ. ఊరి మలుపులో నిలబెట్టి, ఎల్లుండి సాయంత్రం కదులుతుందని చాటించాడు.

ఆ మధ్యాహ్నం జోగులమ్మ ఇంటికి వచ్చేసరికి జంగయ్య మూట కడుతున్నాడు. బొంత, కుండలు, పిండి డబ్బా.

"ఏమయ్యా, ఏం జేస్తున్నవ్?"

"కండ్లు కనిపిస్తలేవా? మూట కడ్తున్న. ఇప్పుడు పోకపోతె మామ మల్ల పిలువడు. నీ ముచ్చట తీరింది గద."

ఆమె గడప మీద కూలబడింది. పైన దూలం సందులో ఊరపిచ్చుకలు గొడవ చేస్తున్నాయి. ఏటా తాళం పడ్డాక గవాచిలోంచి దూరి ఆ ఇంట్లో కాపురం పెట్టేవి. ఈ ఏడు మనుషులు ఉండిపోయేసరికి వాటికి కోపం వచ్చింది. రోజూ ఆమె నెత్తిన గడ్డిపోచలు పడేసేవి. "అవి నిన్ను కిరాయికొచ్చినదనుకుంటున్నయి. ఖాళీ చేయమంటున్నయి" అని షాహెదా ఎగతాళి చేసేది. ఆ రోజు మాత్రం వాటి మాటే చెల్లేలా ఉంది.

జోగులమ్మ లేచి షాహెదాను వెంటబెట్టుకుని జయశ్రీ ఇంటికి పోయింది.

"ఎందుకు పిలుస్తలేవు బిడ్డా?"

జయశ్రీ తెల్లబోయింది. "మీరు అడుగుతలేరు గద అక్కా. నేను మీకు పని బ్యాడేమో అనుకున్న. లారీ గూడ వచ్చె."

"అడుగుడేంది?"

"పని కావాలని కాయితం పెట్టాలె. పెడితె ఇయ్యాలె. చట్టమే గట్ల ఉన్నది. మొదటి పనికి సర్పంచ్ ఊరందరి పేర్ల మీద పెట్టించిండు. ఇప్పుడు మీరు పెట్టాలె."

జోగులమ్మకు పెళ్లయిన నాటి నుంచీ మేస్త్రి పిలిస్తే పోవడమే తెలుసు. పిలవని పనికి ఎదురుపోయి అడగడం వాళ్లింటా వంటా లేదు. పాలమూరు మనిషి పని చేసి చేసి చేతులు కాయలు కాయించుకున్నాడు గానీ, పని నాకు రావాల్సింది అని అడిగిన రోజు లేదు. మన్ననూరులో ఒక అడవి మనిషి నాతో ఇలాంటి మాటే అన్నాడు. తేనె కోసం చెట్టెక్కడం తెలుసు గానీ ఆఫీసు మెట్లెక్కడం తెలియదన్నాడు. రెండు ఎత్తులూ వేరు వేరు భయాలు. ఆ మాట మీద ఇంకా రాయాలని ఉంది గానీ, జోగులమ్మ దారిలో ఉంది.

ఇంటికి వచ్చి జంగయ్యతో అంది. "మూట కట్టినవ్ గద. మంచిగయింది. రేపు పొద్దుగాల ఎత్తుకో."

"లారీ ఎల్లుండి గద."

"లారీ కాదు."

మర్నాడు మండలాఫీసు తలుపులు తీసేసరికి ఎదుట ఖాళీ జాగాలో గుడిసెలు లేస్తున్నాయి. వెదురు కర్రలు, తాటిపత్రులు, చాపలు. షాహెదా పొయ్యి రాజేసింది. జంగయ్య మేకపిల్లను ఆఫీసు బోర్డు కర్రకు కట్టాడు. ఈసారి దాన్ని ఎందుకు తెచ్చాడో అతనికి బాగా తెలుసు.

ఆఫీసరు జీపు దిగి చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"పనికొచ్చినం సారు" అంది జోగులమ్మ.

"పని ఇక్కడెక్కడుంది?"

"పని ఇచ్చేది ఈడనే అని చెప్పిండ్రు. మేము పని ఏడుంటె ఆడ ఉండేటోళ్లం. మా అలవాటు గట్లనే. పరేషాన్ గాకు సారు, నీ జీపుకు తొవ్వ ఇడిసినం."

ఆఫీసరు నవ్వు ఆపుకోలేకపోయాడని జయశ్రీ చెప్పారు. కుర్చీ తెప్పించుకుని చెట్టు కిందే కూర్చున్నాడు. జయశ్రీ దరఖాస్తు రాసింది. ఒక్కొక్కరూ వచ్చి వేలిముద్ర వేశారు. సంతకం వచ్చినవాళ్లు సంతకం పెట్టారు. ఆడవాళ్లు వేరే వేరేగా తమ తమ పేర్ల మీద వేశారు.

"ఏం పని కావాలె మీకు?" అని అడిగాడు ఆఫీసరు.

"కుంట తవ్వినం సారు. కుంటలకు నీళ్లొచ్చే కాలువ గుట్ట కాడి నుంచి పూడిపోయింది. సర్కారు తుమ్మ పెరిగింది. అది తీయకపోతె మేము తవ్వింది ఉత్త బొంద. మీదికెల్లి పడ్డ వానే అందులకు."

ఆ కాలువ పని గ్రామసభలో ముందే రాసి పంపినదే. అడిగే చెయ్యి లేక కాగితాల్లో పడుకుంది. ఆఫీసరు మంజూరు చేస్తానని, రశీదు ఇప్పిస్తానని, ఇక ఇళ్లకు పోవచ్చని చెప్పాడు.

"రశీదు చేతికొస్తె పోతం. గంతల రొట్టె చేసుకుంటం" అంది జోగులమ్మ.

మధ్యాహ్నానికి ఆఫీసు అటెండరు వచ్చి షాహెదా పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, పల్లీల తొక్కుతో రొట్టె తిని, "మీరు రోజూ రాండ్రి" అన్నాడట. పొద్దు వాలకముందే రశీదు, దాంతోపాటు పని మొదలయ్యే రోజు రాసిన కాగితం చేతికి వచ్చాయి. గుడిసెలు విప్పి, మూటలు నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిచారు.

ఊరి మలుపులో బుచ్చన్న లారీ నిలబడి ఉంది. మూటలు నెత్తిన పెట్టుకుని జంటలు జంటలుగా నడిచి వస్తున్న గుంపును చూసి బుచ్చన్న క్యాబిన్‌లోంచి దిగాడు. వెనక్కి పోయి లారీ డోరు తానే దింపాడు.

"నేను చెప్పలే?" అన్నాడు డ్రైవర్‌తో. "ఒక రోజు ముందే వచ్చిండ్రు. ఎక్కుండ్రి, ఎక్కుండ్రి. జోగులమ్మా, నువ్వు ముందల ఎక్కు."

జోగులమ్మ లారీ దగ్గర ఆగింది. నెత్తి మీద మూట సర్దుకుంది.

"మామా, లారీ జర పక్కకు తియ్యి."

"ఎందుకు?"

"తొవ్వకడ్డమున్నది. ఇంటికి పోతున్నం."

గుంపు లారీ పక్కగా నడుచుకుంటూ ఊళ్లోకి పోయింది. చివర్న జంగయ్య, మేకపిల్ల. జంగయ్య ఆగి బుచ్చన్న భుజం మీద చెయ్యి వేసి, "కోపం తెచ్చుకోకు మామా. మాకు ఎల్లుండి నుంచి పనున్నది" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించిందని జంగయ్య నాతో అన్నాడు.

గుట్ట కాడి నుంచి కాలువ తీశారు. అంతే వేగంగా తీశారు, ఆ అలవాటు పోలేదు. అది అయిపోకముందే చేన్లకు కట్టలు పోసే పనికి కాగితం పెట్టారు. అడగడం వచ్చాక ఊరికే కూర్చోవడం పోయింది. డబ్బులు పోస్టాఫీసులో ఎవరి పేరు మీద వాళ్లకు వచ్చాయి. జోగులమ్మ తన పేరు మీద వచ్చినవి తన చేతితో తీసుకుని మొదట కావ్యకు బడి సంచీ కొన్నది, తర్వాత గవాచికి అద్దం కొనబోయి పిచ్చుకలను తలచుకుని మానుకుంది.

కాలువ పని ముగిసిన రోజు జంగయ్యకు కుంటలో మిగిలిన దిబ్బ గుర్తొచ్చింది. వాన పడితే అడ్డమని గడ్డపార పట్టుకుని దిగాడు.

"బ్యాడ" అంది జోగులమ్మ కట్ట మీద నుంచి.

"ఎందుకే? కొలుచుడు అయిపోయింది గద."

"కొలుచుడు వాళ్లకు అయిపోయింది. దేశమంత తవ్వినం. యాడ తవ్వినమో చూపెట్టనీకి ఒక్క గడ్డ ఇడిసినమా? ఇది ఉండనీ. కుంట నిండినంక, నీళ్లు గింత లోతున్నయంటె మేము తవ్వితేనే అని కావ్య పిల్లలకు చూపెట్టొచ్చు."

గుంపంతా కలిసి గుట్ట రాళ్లు మోసుకొచ్చి దిబ్బ చుట్టూ పేర్చారు. ఆ పనికి ఎవరూ కూలి రాయలేదు, ఎవరూ అడగలేదు. ఆ ఏడు వాన ఆలస్యంగా పడ్డా గట్టిగా పడింది. కాలువలో ఎర్రటి నీళ్లు మొదటిసారి దిగినప్పుడు ఊరంతా కట్ట మీద నిలబడి దిబ్బనే చూసింది. నీళ్లు దిబ్బ మోకాలి దాకా వచ్చాయి, నడుము దాకా వచ్చాయి, భుజాల దగ్గర ఆగాయి. దిగువ బావుల్లో ఊట పెరిగింది. రెండో పంట పల్లీ వేసుకున్నారు. కూలీలు మునుపటి కూలికి రావడం లేదని పెద్ద రైతులు ఇప్పటికీ సణుగుతారు. ఆ సణుగుడు విని షాహెదా, "అడుగుండ్రి మరి. కాయితం పెట్టుండ్రి" అంటుంది.

అన్నీ బాగుపడ్డాయని నేను రాయను. కొన్ని జంటలు ఇంకా లారీ ఎక్కుతున్నాయి, ఊళ్లో కొన్ని తాళాలు ఇంకా అలాగే ఉన్నాయి. అయితే బుచ్చన్న లారీ మునుపటి అంత బరువుగా కదలడం లేదు. నేను ఆ ఊరికి పోవడానికి ఏడాది ముందే ఆయన వయసు మీద పడి మేస్త్రిరికం వదిలేశాడు. వదిలేసిన ఎండాకాలంలో ఒక పొద్దున పార భుజాన వేసుకుని జోగులమ్మ అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడట.

"కోడలా, నీ గుంపుల నన్ను ఏసుకుంటవా?"

"నేను ఏసుకునేదేంది మామా. నువ్వు అడగాలె. కూసో, జయశ్రీని పిలుస్త, కాయితం రాస్తది."

ఆయన ఆ రోజు పని అడిగాడు. బతుకంతా పనులకు పిలిచిన మనిషి.

నేను ఆమె ఇంటికి పోయింది నడి ఎండాకాలం, పొద్దు నడినెత్తిన ఉన్న వేళ. మిద్దె తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. తాళం కావ్య పలకల పక్కన గూట్లో తుప్పు పట్టి పడి ఉంది. పిచ్చుకలు దూలం మీద కాపురం చేసుకుంటున్నాయి, ఇప్పుడు రాజీ కుదిరినట్టుంది. చల్ల ఇచ్చింది జోగులమ్మ. నేను నీడ చూసుకుని గోడ పక్కన చాప మీద కూర్చోబోయాను.

"ఆడ బ్యాడ సారూ" అంది. "ఇంకాసేపుంటె ఎండ ఆడికి జరుగుతది. గిటు కూసో. పొద్దు గుట్ట దిక్కు వాలెదాక నీడ ఈడనే ఉంటది. గాలి గూడ ఈడికే కొడ్తది."

అటు జరిగి కూర్చున్నాను. కాసేపటికి ఎండ నేను ముందు కూర్చోబోయిన చోటికి వచ్చింది. గాలి ఆమె చెప్పిన వైపు నుంచే వచ్చింది.